కన్నతండ్రి మీద సాక్ష్యం తప్పా?

"కన్నతండ్రి మీదే సాక్ష్యం చెప్పిందంటే అదేం కూతురు?" తాడేపల్లి టీకొట్ల దగ్గర ఈ మాట ఇంకా వినబడుతూనే ఉంది. ప్రణయ్ హత్య కేసులో 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అయినా పెద్దమనుషులు తప్పుపట్టేది హంతకుల్ని కాదు, అమృతనే. అందుకే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ప్రణయ్, అమృత బడినాటి స్నేహితులు. ప్రణయ్ దళిత క్రైస్తవుడు. అమృత తండ్రి మారుతీరావు మిర్యాలగూడలో డబ్బూ పలుకుబడీ ఉన్న వైశ్య వ్యాపారి. 2018 జనవరిలో వాళ్లు పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికొస్తున్న ప్రణయ్‌ని వెనకనుంచి నరికారు. కోటి రూపాయల బేరమని పోలీసులు చెప్పారు. ఆ పిల్లాడి నేరమేంటి? దళితుడై పుట్టడమే!

ఇది చేయించింది మా నాన్నే అని అమృత ఆసుపత్రి మంచం మీదనుంచే చెప్పింది. ఆస్తి రాసిస్తాం, సాక్ష్యం మార్చుకో అని మనిషిని పంపితే లొంగలేదు, ఫిర్యాదు చేసింది. బెయిలు మీదున్న మారుతీరావును 2019లో మళ్లీ అరెస్టు చేశారు. తీర్పు రాకముందే 2020 మార్చిలో అతను చనిపోయాడు. ప్రణయ్ తండ్రి బాలస్వామి కూడా చివరిదాకా వెనకడుగు వెయ్యలేదు.

పత్రికలు దీన్ని 'పరువు హత్య' అన్నాయి. చంపినోడికి పరువు కట్టబెట్టే ఆ మాట మాకొద్దు. ఇది కులహత్య.

చుండూరు మనకెంత దూరం? 1991 ఆగస్టు 6న అక్కడ మనోళ్లను 8 మందిని ఊచకోత కోశారు. సాక్ష్యం చెప్పిందీ మనోళ్లే. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ సాక్ష్యం చాలదని అందర్నీ వదిలేసింది. మన కన్నీళ్లకు కోర్టు తూకంలో బరువు లేకపోయింది. అందుకే పెద్దింటి లోపలినుంచి వచ్చిన ఒక్క గొంతు విలువ మనకు తెలుసు.

మన పిల్లల పక్కన కాలేజీ బెంచీల మీద కూర్చునే అగ్రకుల పిల్లల్నే అడుగుతున్నాం. మీ ఇంట్లో మీ స్నేహితుడి మీద కత్తి నూరుతుంటే ఏం చేస్తారు? చెవినపడ్డ మాట దాచుకోవడం పితృభక్తి కాదు, ఆ నెత్తుటిలో వాటా.

సర్కారునూ అడుగుతున్నాం. ఇలాంటి జంటల కోసం జిల్లాకో ప్రత్యేక విభాగం, ఫోన్ నంబరు పెట్టాలని 2018 మార్చిలోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆర్నెల్లు తిరక్కుండానే ప్రణయ్‌ని చంపారు. గుంటూరు జిల్లాలో ఆ నంబరేదో మన వాడల గోడల మీద రాయించండి. సాక్ష్యం చెప్పే బిడ్డకు ముందు ప్రాణభయం లేకుండా చెయ్యండి!