గృహారోగ్యము: వాననీటి పీపాకు మూత

ఇంటికప్పుపై పడిన వాననీటిని పీపాలలో నిలువచేసి తోటకు, నేల కడుగుటకు వాడుట మెచ్చదగిన అలవాటు. కొళాయినీరును, దానిని తోడు విద్యుత్తును మిగులును. అయితే మూతలేని పీపా దోమలకు పురిటిల్లు. పగటివేళ కుట్టు చారలదోమ నీటి అంచున గ్రుడ్లు పెట్టును. వేసవిలో వారము పదిదినములకే అవి దోమలై ఎగురును. మన మారిషస్ ద్వీపమున 2006లోను, మరల 2025లోను చికున్‌గున్యాను వ్యాపింపజేసినది ఈ దోమయే. ఆ జ్వరము తగ్గినను కీళ్ళనొప్పులు కొందరిని నెలల తరబడి బాధించును.

కావున పీపా నోటికి సన్నని వలను బిగించి కట్టుడు. పూలకుండీల క్రింది పళ్ళెములను వారమున కొకసారి ఒంపి, అంచులను పీచుతో తోముడు. తోమనిచో అంటుకొన్న గ్రుడ్లు ఎండియు నెలల కొలది బ్రదికి, తడి తగిలినంతనే పొదుగును. చూరుకాలువలోని ఆకులను తీయుట మరువకుడు. నీటిపొదుపు మానవలదు, మూత మాత్రము వేయుడు.