అరగని కర్బనం

గాలిలోంచి రాలే నత్రజని అడవికి ఉచిత ఎరువనీ, దానివల్ల నేలలో కర్బనం పేరుకుంటుంది కాబట్టి భూతాపానికి అదీ ఒక విరుగుడేననీ ఒక వాదన ఉంది. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పేడ నుంచీ యూరియా నుంచీ లేచే అమ్మోనియా వానతోనో ధూళితోనో అడవి మీద పడతాయి. కొన్నిచోట్ల చెట్లు ఏపుగా పెరిగిన మాటా, నేలలో కర్బనం హెచ్చిన మాటా నిజమే. ఎందుకు హెచ్చిందో ఈ వాదన చేసేవాళ్ళు అడగరు. నా అభ్యంతరం అక్కడే.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1988లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని మళ్ళలో ఏటా హెక్టారుకు 50 కిలోల నత్రజని, మరికొన్నింట్లో 150 కిలోలు వేస్తూ వచ్చారు. ఇరవయ్యేళ్ళకు నేలలో కర్బనం పెరిగింది. దానికి ముఖ్య కారణం, రాలిన ఆకూ అలమూ కుళ్ళడం మందగించడమే. సూక్ష్మజీవుల రాశి తగ్గింది. శిలీంధ్రాలు మరీ దెబ్బతిన్నాయి. నత్రజని తగిలితే ఆకులోని మెత్తని భాగం మొదట త్వరగానే కుళ్ళుతుంది. మొండి పదార్థమైన లిగ్నిన్ దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోతుంది. దాన్ని విడగొట్టగలిగేవి ముఖ్యంగా తెల్లకుళ్ళు శిలీంధ్రాలు. నత్రజని ఎక్కువైనచోట వాటి ఎంజైములు తగ్గుతాయి. వేళ్ళను అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రాలకూ కష్టకాలమే. నత్రజని తేరగా దొరికిన చెట్టు వాటికిచ్చే చక్కెరను తగ్గించేస్తుంది. ఎక్కువ మోతాదు వేసిన మడిలో ఎర్ర పైన్ చెట్లు పెద్దసంఖ్యలో చచ్చిపోయాయి.

తిండి అరగక కడుపుబ్బినవాణ్ణి చూసి ఒళ్ళు చేశాడని మురిసిపోతామా?

ప్రయోగంలో వేసిన మోతాదు గాలిలోంచి పడేదానికంటే చాలా ఎక్కువ కదా అనవచ్చు. అయితే నెదర్లాండ్స్‌ను చూడండి. పశువుల కొట్టాల నుంచి లేచిన అమ్మోనియా, గంధకపు కాలుష్యంతో కలిసి అక్కడి అడవి నేలల్ని ఆమ్లమయం చేసింది. కాల్షియం కొట్టుకుపోయింది, నత్తలు తగ్గాయి. గుల్లల నుంచి కాల్షియం తెచ్చుకునే గ్రేట్ టిట్ పిట్టల గుడ్లకు పెంకులు పలచబడ్డాయని 1994లోనే పరిశోధకులు ప్రకటించారు. 2019లో ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ప్రభుత్వ నత్రజని అనుమతుల విధానాన్నే కొట్టేసింది.

పైగా మిగులు నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి లేస్తుంది. వందేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడెక్కిస్తుంది. విరుగుడు అన్నవాళ్ళు ఈ పద్దు కూడా రాయాలి.

జబ్బుపడిన నేలలో పేరుకున్న కర్బనాన్ని కాలుష్యం ఖాతాలో జమ కట్టడం ఇకనైనా మానాలి. నత్రజనిని తగ్గించాల్సింది పొగగొట్టాల దగ్గర, పశువుల కొట్టాల దగ్గర, అవసరానికి మించి యూరియా చల్లే పొలాల దగ్గర.