వార్డెను సంతకం – గిరిజన బాలిక సమ్మతి

2009 జులైలో అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు దాదాపు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేయడం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ భారతీయ వైద్య పరిశోధన మండలితో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి నిర్వహించిన అధ్యయనమిది. టీకా పొందినవారిలో ఆశ్రమ వసతిగృహాల గిరిజన బాలికలెందరో ఉన్నారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీనిని నిలిపివేసింది. 2013 ఆగస్టునాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం 72వ నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాలపై సంతకం వసతిగృహ వార్డెన్లది.

వార్డెను సంరక్షకుడే కదా అనే సమర్థన నిలిచేది కాదు. తల్లిదండ్రులు బిడ్డను అప్పగించింది తిండికి, చదువుకు, భద్రతకు. ఆమె శరీరంపై జరిగే అధ్యయనానికి కాదు. పైగా వార్డెను ప్రభుత్వోద్యోగి, ఆ ప్రభుత్వమే అధ్యయనంలో భాగస్వామి. అడిగినవారూ ఒప్పుకున్నవారూ ఒకే పక్షం వారైనప్పుడు అక్కడ ఉన్నది ఉత్తర్వే, అంగీకారం కాదు. వేలిముద్ర తనంతట దోషం కాదు. కాని ఆ పత్రంలోని విషయాన్ని కోయ తల్లికి ఎవరు, ఏ భాషలో వివరించారో ఆ ముద్ర చెప్పదు.

ఇది ఔషధ ప్రయోగం కాదని, కేవలం ‘ప్రదర్శన పథకం’ అని నిర్వాహకులు వాదించారు. స్థాయీ సంఘం ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. పేరు మారితే సూది మారదు కదా! ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో సంభవించిన ఏడు మరణాలకు టీకాతో సంబంధం లేదని అధికారులు చెప్పిన మాటను కొందరు ఇప్పటికీ సమాధానంగా చూపుతారు. ఆ మాట నిజమైనా, ఆ టీకా మేలైనదే అయినా, వార్డెను సంతకం తల్లి సంతకమైపోదు. 2006లో పరిశోధన నైతికతపై మార్గదర్శకాలు ప్రచురించిన వైద్య పరిశోధన మండలే ఇందులో భాగస్వామి కావడం మరీ విచారకరం.

ఇది వైద్యుల వ్యవహారమని తెలుగు శాఖలు తప్పుకోవడం సులభం. అయితే గిరిజన గూడేల్లో పాటలు, కథలు సేకరించే పరిశోధకుడు సైతం ముందుగా కలిసేది ప్రధానోపాధ్యాయుణ్ణో సర్పంచునో. వారి ‘సరే’ గాయని ‘సరే’గా సిద్ధాంత వ్యాసంలోకి చేరిపోతుంది. పాట ఎక్కడ అచ్చవుతుందో, అక్కరలేదనుకుంటే దానిని వెనక్కి తీసుకోవచ్చునో లేదో ఆమెకు చెప్పేవారుండరు. గాయని పేరైనా అనుబంధంలో కనబడితే అదృష్టమే. సమ్మతి కోరిన భాష, వివరించిన వ్యక్తి, కాదన్నవారి సంఖ్య – ఇవి లేని సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షకులు తిప్పి పంపాలి.