పాత మీటరుకు కొత్త సెల్లు

పాత వస్తువు ఆగిపోతే రెండే దార్లని మనలో చాలామంది నమ్మకం. ఒకటి, దాన్ని పారెయ్యడం. రెండు, అది ఏ సరుకుతో నడిచిందో ఆ సరుకునే ఎట్లాగైనా వెతికి తేవడం. మూడో దారి ఒకటున్నదనీ, అది మన ఫిజిక్సు ప్రయోగశాల గుమ్మం ముందునుంచే పోతుందనీ చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను తీసుకున్న ఉదాహరణ చాలా చిన్నది. అది ఫోటోగ్రాఫర్ల పాత లైట్ మీటరు.

లైట్ మీటరు చూడని మిత్రుల కోసం ఒక మాట. రీలు కెమెరాల కాలంలో ఫోటో ఎట్లా వచ్చిందో రీలు కడిగేదాకా తెలిసేది కాదు. వెలుతురు ఎంతున్నదో ముందే కొలిచి, కెమెరా కన్ను ఎంత తెరవాలో, ఎంతసేపు తెరవాలో చెప్పేదే ఈ మీటరు. 1960, 70లలో వచ్చిన చాలా మీటర్లలో కాడ్మియం సల్ఫైడు గుండీ ఉంటుంది. వెలుతురు పడితే దాని నిరోధం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, ముల్లు జరుగుతుంది. ఇంతే కథ. అయితే ముల్లు నిజం చెప్పాలంటే వెనకున్న సెల్లు వోల్టేజి మారకూడదు. అందుకు ఆనాడు వాడింది పాదరసం సెల్లు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సామ్యూల్ రూబెన్ అనే అమెరికన్ దీన్ని రూపొందించాడు. లోపల జింకు, మెర్క్యురిక్ ఆక్సైడు. దాని గొప్పతనమల్లా ఒక్కటే. మొదటి రోజు 1.35 వోల్టులిస్తే, చచ్చిపోయే ముందురోజు కూడా ఇంచుమించు అంతే ఇస్తుంది.

ఆ సెల్లు ఇప్పుడు దొరకదు. మా చిన్నాయన ఒకప్పుడు వనపర్తి పల్లెల పెళ్లిళ్లకు, గద్వాల చీరల ఫోటోలకు తిరిగినవాడు. ఆయన మీటరు బీరువాలో పడి ఉంది. అడిగితే, "సెల్లే దొరకదు బిడ్డా. ఇంక ఇది కాయితాలు ఎగిరిపోకుండ మీద పెట్టుకోనీకె పనికొస్తది" అన్నాడు. గద్వాలలో, నాగర్‌కర్నూలులో పాత స్టూడియోలు నడిపిన పెద్దల్ని కదిలించినా ఇదే మాట వినబడుతుంది. పాత సరుకు ఎక్కడన్నా మిగిలితే ఎంతయినా పెట్టి కొంటామనేవారూ ఉన్నారు.

ఇక్కడే నేను గట్టిగా విభేదిస్తాను. ఆ సెల్లు పోవడం మంచిదే. 1956లో జపానులోని మినమాట ఊళ్లో ఒక కొత్త జబ్బు బయటపడింది. రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లో చేరి, చేపలు తిన్నవాళ్ల నరాల్ని తినేసింది. రైతుబిడ్డగా నన్ను ఇంకా కలచివేసేది ఇరాక్ సంగతి. 1971-72లో అక్కడ పాదరసం మందు పట్టించిన విత్తన ధాన్యాన్ని జనం రొట్టెలు చేసుకుని తిన్నారు. 6,530 మంది ఆసుపత్రుల్లో చేరితే అందులో 459 మంది చనిపోయారు. పత్తి విత్తనం పండించే మా గద్వాల వైపు విత్తన శుద్ధి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మన దేశంలో కూడా విత్తనాలకు వాడే ఒక పాదరసం మందును 2018లో గానీ నిషేధించలేదు. పాదరసం వాడకాన్ని అరికట్టే ప్రపంచ ఒప్పందం 2013లో కుదిరితే, దానికి మినమాట పేరే పెట్టారు. 2018లో భారతదేశమూ ఆమోదించింది. ఒక ఫోటో బాగా రావడానికి ఒక చెరువులో విషం కలవనక్కరలేదు.

అట్లాగని మీటరును పాతర వెయ్యాలా? అక్కరలేదు. ఇది అచ్చంగా మన సిలబసులోని లెక్క.

బజారులో గడియారం సెల్లనో, బొమ్మల సెల్లనో దొరికే ఎల్.ఆర్. 44 ఆల్కలైను సెల్లు 1.5 వోల్టులతో మొదలై రోజురోజుకూ దిగిపోతుంది. మోటరుకు వోల్టేజి తగ్గితే వైండింగు కాలుతుందని మా నాయనకు తెలుసు. మీటరుకు వోల్టేజి పెరిగితే కాలదు, అబద్ధం చెప్తుంది. ఉన్నదానికన్నా వెలుతురు ఎక్కువుందంటుంది. దాని మాట నమ్మితే ఫోటో నల్లబడుతుంది. పైగా ఆ అబద్ధం కూడా రోజుకొక రకం గనుక, ఒకసారి సరిచేసి ఊరుకోవడం కుదరదు.

సిల్వర్ ఆక్సైడు సెల్లు, ఎస్.ఆర్. 44, 1.55 వోల్టులిస్తుంది, చివరిదాకా ఇంచుమించు నిలకడగా ఉంటుంది. ఎక్కువైనది 0.2 వోల్టు. వరుసలో ఒక షాట్కీ డయోడు కలిపితే ఆ ఎక్కువ తగ్గుతుంది. మీటరు తీసుకునే కరెంటును బట్టి ఈ తగ్గుదల మారుతుంది కాబట్టి కొలిచి చూసుకోవాలి.

మూడోది జింకు-గాలి సెల్లు. చెవిటి మిషన్లలో వేసే 675 సైజుది. వోల్టేజి 1.4కు దగ్గర, పాత సెల్లుకు సొంత తమ్ముడనవచ్చు. పి.ఎక్స్. 625 అనే పాత సెల్లు కన్నా వెడల్పులో నాలుగు మిల్లీమీటర్లు చిన్నది గనుక చుట్టూ ఒక రబ్బరు రింగు వెయ్యాలి, గాలి రంధ్రాలు మూయకూడదు. పైన అంటించిన కాయితం తీసింది మొదలు వాడినా వాడకున్నా కొద్ది వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో అయిపోతుంది. మన పాలమూరు పొడి ఎండల్లో ఇంకా తొందరగా ఎండుతుంది.

కొన్ని యంత్రాలకైతే ఈ బాధే లేదు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ కెమెరాలోని మీటరు బ్రిడ్జి సర్క్యూటు. మనమంతా రికార్డులో రాసుకున్న వీట్‌స్టన్ బ్రిడ్జి సూత్రమే. ముల్లు సున్నా దగ్గర నిలిచినప్పుడు వోల్టేజి కాస్త అటూఇటైనా తేడా రాదు. ఏ మీటరులో ఏ సర్క్యూటుందో తెలియకుండానే సెల్లు లేదని పారేస్తున్నాం.

"ఫోనుతో ఫోటో తీసే రోజుల్లో ఈ చాదస్తమెందుకు?" అని అడిగే మిత్రులుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎవ్వరూ ఫోను మానెయ్యనక్కరలేదు. కానీ ఫోను లోపల వెలుతురును ఎట్లా కొలుస్తుందో మనకు కనబడదు. ఈ మీటరు మూత తీస్తే ఓమ్ సూత్రం కళ్ల ముందు కనబడుతుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం ఒక పెద్దమనిషి చేతి పనిముట్టును బతికించిందంటే, ఆ చదువుకు అర్థముంది. లేకుంటే మన డిగ్రీ కూడా బీరువాలో మీటరు లాంటిదే.

అందుకే నా కోరికలు రెండు. మొదటిది, మన ప్రయోగశాలలో ఈ మూడు సెల్లులను లోడు మీద పెట్టి, రెండు నెలలపాటు రోజూ వోల్టేజి కొలిచి గ్రాఫు గియ్యడం ఒక ప్రాక్టికల్ కావాలి. మల్టీమీటరు ఉంటే చాలు, పెద్ద ఖర్చేమీ లేదు. రెండోది, అయిపోయిన సెల్లులు వేసేందుకు కళాశాలలో ఒక డబ్బా పెట్టాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలు తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. అయితే మనం చెత్తకుప్పలో వేసినదాన్ని వాళ్లెట్లా సేకరిస్తారు? ఆ కుప్ప వానకు కొట్టుకుపోయేది మన కాలువల్లోకే, మన పొలాల్లోకే.

చెడ్డదాన్ని వదిలిపెట్టడం, మంచిదాన్ని నిలబెట్టుకోవడం రెండూ ఒకేసారి చెయ్యొచ్చు. మధ్యన అడ్డున్నది 0.2 వోల్టు మాత్రమే. సైన్సు చదివే మనం ఆ కాస్త దూరం దాటించలేమా?