మరువని లేఖకుడు

బస్తర్ ప్రాంతంలోని దంతెవాడలో దంతేశ్వరీ దేవి ఆలయం ఉన్నది. ఓరుగల్లు నుండి తరలివచ్చిన కాకతీయుల సంతతిగా చెప్పుకున్న బస్తర్ రాజులలో దిక్పాలదేవుడు ఒకడు. ఆయన దేవీ దర్శనానికి వచ్చిన సందర్భాన్ని పురస్కరించుకొని 1703లో ఇక్కడ రెండు రాళ్ళపై శాసనాలు చెక్కించారు. వాటిలో ఒకటి సంస్కృతంలోను, రెండవది ప్రజల భాషలోను ఉన్నవి. సంస్కృతం తెలిసినవారు అరుదైపోతున్నందున అదే విషయాన్ని దేశభాషలో కూడా వ్రాయించడం జరిగింది. ఆ విధంగా ఒక రాచకుటుంబపు కథకు రెండు ప్రతులు ఏర్పడ్డాయి.

అయితే ఆ రెండు రాళ్ళూ ఒకే ఆలయంలో ఉన్నవి. ఆ చోటికి ఆపద వాటిల్లితే రెండింటికీ ఒకేసారి వాటిల్లుతుంది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో హీరాలాల్ వంటి పరిశోధకులు బస్తర్ శాసనాలను ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటాలలో ప్రకటించిన తరువాతనే వాటి పాఠం అనేక గ్రంథాలయాలకు చేరి సురక్షితమైనది. విలువైన దానికి మరొక ప్రతి ఉండాలి, ఆ ప్రతి మరొక చోట ఉండాలి అన్న ఈ పాత నీతి నేడు ఇంటింటి కంప్యూటర్‌కు కూడా వర్తిస్తుంది.

ఒక్క పెట్టెలో ఒక జీవితం

జగదల్‌పూర్, బచేలి, కిరందుల్ పట్టణాలలోని ఒక సాధారణ కుటుంబపు కంప్యూటర్‌లో ఏమేమి ఉంటాయో ఆలోచించవచ్చు. పిల్లల చదువు పత్రాలు, భూమి కాగితాల నకళ్ళు, పెళ్ళి ఫోటోలు, చనిపోయిన పెద్దల గొంతులు. బస్తర్‌లో మరొక సంపద కూడా ఈ పెట్టెలకు ఎక్కుతున్నది. గోండీ, హల్బీ, ధుర్వా, దోర్లీ భాషల పాటలను, కథలను ఉత్సాహవంతులు ఫోనులో రికార్డు చేసి, ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో దాచుకుంటున్నారు. ఆ పాట పాడిన వృద్ధురాలు మరుసటి సంవత్సరం ఉండకపోవచ్చు. అప్పుడు ఆ ఒక్క ఫైలే మిగిలిన ఆధారం.

గ్రిగ్‌సన్ 1938లో మడియా గోండులపై ప్రకటించిన గ్రంథం, వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్‌పై ప్రకటించిన గ్రంథం నేటికీ లభిస్తున్నవి. ఇందుకు కారణం కాగితం గట్టిదనం కాదు. ఒక గ్రంథాలయంలో చెదలు పట్టినా వేరొక గ్రంథాలయంలో ప్రతి ఉండడమే కారణం. ఒకే కంప్యూటర్‌లో ఉన్న నేటి రికార్డింగుకు ఆ పాటి రక్షణ కూడా లేదు.

హార్డ్ డిస్కులోని పళ్ళెం నిముషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతుంది. దానిని చదివే మొన పళ్ళేనికి తగలకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తున తేలుతూ ఉంటుంది. ఇంత సున్నితమైన యంత్రం ఏదో ఒకనాడు ఆగిపోవడం వింత కాదు. కదిలే భాగాలు లేని కొత్త తరహా డిస్కులు దెబ్బలకు ఓర్చుకుంటాయి గాని, అవి చెడిపోయేటప్పుడు తరచు ముందుగా ఏ హెచ్చరికా చేయవు. వీటికి తోడు బస్తర్ వర్షాకాలపు తేమ, పిడుగులు, వ్రాస్తూ ఉండగానే పోయే కరెంటు ఉండనే ఉన్నవి.

మనిషి మరచినా యంత్రం మరువదు

ప్రతి తీసుకోవాలని తెలియనివారు తక్కువ. తీసుకునేవారు అంతకన్నా తక్కువ. ఆదివారం తీయవచ్చునని అనుకున్న ప్రతి ఆరు నెలలైనా తీయబడదు. డిస్కు చెడిన రోజున చూసుకుంటే చివరి ప్రతి ఏడాది కిందటిది. లోపం మనిషి బుద్ధిలో లేదు, జ్ఞాపకంలో ఉన్నది. అందువల్లనే ఈ పనిని స్వయంచాలకంగా జరిగేటట్లు కంప్యూటర్‌కే అప్పగించాలి. జీతం అడగని, మరుపు ఎరుగని లేఖకుడు ఇంట్లోనే ఉండగా అతనిని వాడుకోకపోవడం నష్టదాయకం.

ఇందుకు కావలసిన ఉపకరణం చాలా ఇళ్ళలో ఇదివరకే ఉన్నది. విండోస్‌లో 2012 నుండి ‘ఫైల్ హిస్టరీ’ అనే సౌకర్యం లభిస్తున్నది. బయటి హార్డ్ డిస్కును తగిలించి, కంట్రోల్ ప్యానెల్‌లో దీనిని ఒకసారి ఆన్ చేస్తే చాలు. మార్చకుండా వదిలితే గంటకొకసారి, కావాలంటే పది నిముషాలకొకసారి, లేక రోజుకొకసారి మారిన ఫైళ్ళను తనంతట తానే నకలు చేస్తుంది. ఆపిల్ కంప్యూటర్లలో 2007 నుండి ‘టైమ్ మెషీన్’ ఇదే పని చేస్తున్నది. గడచిన ఇరవైనాలుగు గంటలకు గంటవారీగాను, గడచిన నెలకు రోజువారీగాను, అంతకు ముందటి కాలానికి వారంవారీగాను అది ప్రతులు నిలుపుతుంది. ఉబుంటు వాడేవారికి ‘డేజా డూప్’ అనే ఉచిత సాధనమున్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫైల్ హిస్టరీ కంప్యూటర్ అంతటినీ నకలు చేయదు. డాక్యుమెంట్లు, పిక్చర్లు, మ్యూజిక్, డెస్క్‌టాప్ వంటి నిర్ణీత ఫోల్డర్లనే చూస్తుంది. పాటల రికార్డింగులు వేరొక ఫోల్డర్‌లో ఉన్నట్లయితే దానిని కూడా పట్టికలో చేర్చాలి. లేనిపక్షంలో లేఖకుడు విశ్వాసంతో పనిచేస్తున్నా, అసలు సంపద అతని కంటపడదు.

మూడు, రెండు, ఒకటి

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రమొకటి ఈ రంగంలో ప్రసిద్ధి పొందినది. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, అందులో ఒకటి ఇంటికి దూరంగా ఉండాలన్నది దాని సారాంశం. మొదటి రెండూ సులభం. కంప్యూటర్ ఒకటి, బయటి డిస్కు ఒకటి. చిక్కంతా మూడవ దానితోనే.

నగరవాసులు మూడవ ప్రతిని ఇంటర్నెట్ ద్వారా గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో ఉంచుతారు. వీటిలో ఉచితంగా లభించే స్థలం వరుసగా 15, 5 గిగాబైట్లు మాత్రమే. బస్తర్‌లో అంతకన్నా పెద్ద అడ్డంకి వేగం. ఒక ఇంట్లో 200 గిగాబైట్ల ఫోటోలు, రికార్డింగులు ఉన్నవనుకుందాం. సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో పైకి పంపితే రాత్రింబవళ్ళు ఆగకుండా తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. అయితే ఆ శ్రమ మొదటిసారికే. తరువాత మారినవి మాత్రమే వెళ్తాయి. రోజుకు అర గిగాబైటు కొత్తగా చేరితే అదే వేగంతో అరగంటకు కొంచెం పైగా చాలు. అందరూ నిద్రించే వేళకు దానిని నిర్ణయించవచ్చు.

ఆ పాటి ఇంటర్నెట్ కూడా లేనివారికి మరొక దారి ఉన్నది. అది కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960వ దశకంలో వేసిన ఈ మార్గం వల్లనే ఎన్నో తెలుగు కుటుంబాలకు అటు విశాఖలో, ఇటు బస్తర్‌లో బంధువులున్నారు. రెండు చిన్న డిస్కులను కొని, పండుగకో పెళ్ళికో వెళ్ళినప్పుడు ఒకటి అక్కడ ఉంచి, అక్కడున్నది ఇక్కడికి తెచ్చుకుంటే దూరపు ప్రతి సిద్ధమైనట్లే. తొమ్మిది రోజులు పట్టే భారాన్ని రైలు ఒక్క ప్రయాణంలో మోస్తుంది. అయితే ప్రయాణంలో డిస్కు పోవచ్చు కనుక దానిని పాస్‌వర్డ్‌తో బంధించడం మంచిది. ఆ పాస్‌వర్డును ఇంట్లో కాగితంపై వ్రాసి భద్రపరచాలి. అది పోతే ప్రతి ఉండి కూడా లేనట్లే.

ప్రతిలా కనిపించే భ్రమలు

ఫోనులోను, కంప్యూటర్‌లోను ఒకే ఫోటోలు కనిపించగానే ప్రతి ఉన్నదని చాలామంది భావిస్తారు. ఆ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే, ఒకచోట పొరపాటున తుడిచివేసినది రెండవచోట కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అది అద్దంలోని ప్రతిబింబమే గాని వేరొక ప్రతి కాదు. పాత రూపాలను కొంతకాలం నిలిపి ఉంచేదే నిజమైన రక్షణ.

ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్కును కూడా పూర్తిగా నమ్మరాదు. 2017 మే 12న వ్యాపించిన ‘వనాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాం సుమారు 150 దేశాలలోని కంప్యూటర్లలో ఫైళ్ళకు తాళం వేసి, విడుదలకు సొమ్ము కోరింది. ఇటువంటివి తగిలించి ఉన్న డిస్కులలోని ఫైళ్ళను సైతం విడువవు. పిడుగు కూడా అంతే. కనుక రెండు డిస్కులలో ఒకటి ఎప్పుడూ విడదీసి ఉండాలి. విడదీసిన దానిని బిగువైన మూత గల డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో ఉంచి, నేలకు ఎత్తుగా భద్రపరచాలి.

పరీక్షించని ప్రతి

1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ చిత్రాన్ని నిర్మిస్తూ ఉండగా ఒక తప్పు ఆజ్ఞ వల్ల చిత్రంలో అధిక భాగం కంప్యూటర్ల నుండి తుడిచిపెట్టుకుపోయింది. ప్రతులు తీసే ఏర్పాటు ఆ సంస్థలో ఉన్నది. కాని అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదన్న సంగతిని ఎవరూ గుర్తించలేదు. చివరకు ఆ చిత్రానికి పనిచేస్తున్న గెలిన్ సుస్‌మన్ అనే ఉద్యోగిని, బిడ్డ పుట్టినందున ఇంటి నుండి పనిచేయడానికి తన ఇంటి కంప్యూటర్‌లో ఉంచుకున్న ప్రతియే చిత్రాన్ని కాపాడింది. అంత పెద్ద సంస్థ ఏర్పాటు విఫలమైన చోట ఇంట్లోని దూరపు ప్రతి ఆదుకున్నది.

అందువల్ల స్వయంచాలకం చేసినంత మాత్రాన బాధ్యత తీరదు. నెలకొకసారి, కరెంటు బిల్లు కట్టే రోజున ఒక ఫైలును ప్రతి నుండి వేరొక ఫోల్డర్‌లోకి వెనక్కి తీసి, తెరిచి చూడాలి. ఫోటో అయితే కనిపించాలి. పాట అయితే చివరి వరకు వినిపించాలి. డిస్కుపై చిన్న చీటీ అంటించి, చివరిసారి పరీక్షించిన తేదీని వ్రాయాలి. ఇంట్లో మరొకరికి కూడా ఈ పద్ధతి నేర్పాలి. ఏర్పాటు చేసినవారు ఊళ్ళో లేనినాడు డిస్కు చెడితే, ఆ పాటను తిరిగి తీయగలవారు ఇంకొకరు ఆ ఇంట్లో ఉండాలి.