పట్టభద్రుల వోటు – పక్షముల పట్టు

ఉభయగోదావరుల పట్టభద్రుల స్థానమునుండి శాసనమండలికి 2025 ఫిబ్రవరి 27వ తేదీన జరిగిన ఎన్నికలో తెలుగుదేశము అభ్యర్థి శ్రీ పేరాబత్తుల రాజశేఖరముగారు విజయమందిరి. వారికి 1,24,702 వోట్లును, పి.డి.యఫ్. అభ్యర్థి శ్రీ దిడ్ల వీరరాఘవులుగారికి 47,241 వోట్లును వచ్చినవి. ఇంతటి ఆధిక్యమునకు పాలకపక్షీయులు పొంగుట సహజమే.

అయితే అంతకు మూడుమాసములు ముందు, 2024 డిసెంబరులో, ఈ గోదావరి జిల్లాలయందే ఉపాధ్యాయస్థానమునకు జరిగిన ఉపయెన్నికలో పి.డి.యఫ్. పక్షమున శ్రీ బొర్రా గోపీమూర్తిగారు గెలిచియుండిరి. మూడుమాసములలో గోదావరి నీరు మారలేదు. మారినది వోటరుల సంఖ్య. ఉపాధ్యాయులు సుమారు 16 వేలమంది. బడిలోను, సంఘములోను ఒకరినొకరెరిగినవారు. పట్టభద్రులో, 3 లక్షలకు పైబడినవారు. ఇటు తుని, అన్నవరములు మొదలు అటు ఏలూరువరకు 34 శాసనసభాస్థానముల మేర వ్యాపించినవారు. పైగా ఈ వోటరుల పట్టిక ప్రతి ఎన్నికకును క్రొత్తగా తయారగును. ఊరూర మనుష్యులుండి దరఖాస్తులు వ్రాయించగల పక్షమునకు సగము జయము అక్కడనే సిద్ధించును. ప్రధాన ప్రతిపక్షమైన వై.యస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థిని నిలుపకుండుటయు కూటమికి కలిసివచ్చినది. 2019లో ఈ స్థానమునే పి.డి.యఫ్. పక్షమున శ్రీ ఇళ్ల వెంకటేశ్వరరావుగారు గెలిచిరి గనుక పెద్దపక్షముల అండలేనివారికి ఎన్నడును గతిలేదని మేమనము. ఆ మార్గము మాత్రము నానాటికి ఇరుకగుచున్నది.

పట్టభద్రులకు వేరుగా స్థానములేల? పట్టా పొందినవారు బహుస్వల్పముగానున్న కాలమున, వారి వివేకము పక్షావేశమునకు కళ్లెమగునని రాజ్యాంగకర్తలు తలంచియుందురు. నేడు పంపా ఆయకట్టున ముప్పదియేండ్లు సేద్యము చేసిన రైతుకు పట్టాలేనిచో ఈ వోటు లేదు. పట్టా చేతబట్టి ఉద్యోగమునకై తిరుగుచున్న ఆయన కుమారునకు కలదు. ఆ పట్టా కలవారిలోనే వేలకొలదిమంది ప్రాధాన్యసంఖ్య సరిగా వేయక తమ వోట్లను చెల్లకుండ చేసికొనిరి!

మండలి చరిత్రయు విచిత్రమే. 1985లో రద్దయి 2007లో మరల వెలసినది. ప్రభుత్వపు బిల్లులకు అడ్డు తగిలినదని 2020లో శాసనసభ దానిని రద్దుచేయ తీర్మానించి, మండలిలో బలము చిక్కినపిదప 2021లో ఆ తీర్మానమును ఉపసంహరించుకొనినది. అడ్డగించు సభ ఎవరికిని రుచింపదు.

రాజశేఖరముగారి పదవీకాలము ఆరేండ్లు. ఉద్యోగనియామకముల జాప్యముపై చర్చ వచ్చిననాడు వారు లేచి ప్రభుత్వమును ప్రశ్నింతురా, కూటమి వరుసలో మౌనముగ కూర్చుందురా? పట్టభద్రులు వారిని ఇప్పటినుండియే అడుగవలసియున్నది.