అమ్మీకి వినిపించని కథ

మన ఇళ్ళలో ఒక విచిత్రమైన పరిస్థితి ఉంది. నోట మాట్లాడేది ఉర్దూ, కంటితో చదివేది తెలుగు. అమ్మీకి, నానీమాకు ఉర్దూ సామెతలు వందల్లో వస్తాయి గానీ తెలుగు అక్షరం రాదు. పిల్లలకు తెలుగు అక్షరం వచ్చు, ఉర్దూ లిపి రాదు. ఒకే కప్పు కింద రెండు తరాలు ఒకరి చదువుకు ఒకరు దూరమై బతుకుతున్నాయి.

ఈ ఇళ్ళ గురించి తెలుగులో రాసినవారు లేకపోలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత ‘పుట్టుమచ్చ’ వచ్చింది. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ కావలిలోని ముస్లిం ఇంటి కష్టసుఖాలను తెలుగువారందరికీ చేరవేశాయి. 2004లో స్కైబాబ ముస్లిం కథలను ‘వతన్’ పేర సంకలనం చేశారు. మన పక్కనే ఉన్న కడప జిల్లా రచయిత వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది.

ఇప్పుడు కొత్త కథ, కొత్త కవిత ఇంటర్నెట్ పత్రికలలోనూ వస్తున్నాయి. ‘ఈమాట’ 1998లో, ‘సారంగ’ 2013లో మొదలయ్యాయి. ‘సారంగ’ను ప్రారంభించిన వారిలో కవి అఫ్సర్ ఒకరు. చందా కట్టనక్కరలేదు, పోస్టు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఐ.ఐ.టి. వెలసిన మా ఏర్పేడులో ఫోను లేని ఇల్లు అరుదు. అయినా ఆ ఫోనులో కథ చదివే ఇల్లు ఇంకా అరుదు!

కవిత్వం మనకెందుకని కొందరు పెద్దలు అంటారు. దివ్యఖుర్ఆన్‌లో ‘అష్షుఅరా’, అంటే ‘కవులు’ అనే సూరా ఉంది. దారి తప్పిన కవులను అది మందలించింది. విశ్వసించి సత్కార్యాలు చేసేవారిని మాత్రం మినహాయించింది. సహాబీ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కవిత్వాన్ని మహాప్రవక్త (స) ప్రోత్సహించారు. కాబట్టి కవిత్వం చెప్పడం తప్పు కాదు, అందులో ఏం చెప్పారన్నదే చూడాలి.

అసలు లోటు మరొకచోట ఉంది. మన రచయిత అమ్మీ గురించి కథ రాస్తాడు. ఎక్కడో అమెరికాలో ఉన్నవారు చదివి మెచ్చుకుంటారు. అమ్మీ మాత్రం ఆ కథలో పాత్రగానే మిగిలిపోతుంది, పాఠకురాలు కాలేదు. కవిత్వాన్ని ముషాయిరాలో చెవులారా విని ఆనందించిన సమాజం మనది. ఆ అలవాటును ఇంట్లోకి తెచ్చుకుంటే ఈ లోటు తీరుతుంది.

జుమా నమాజు, భోజనం అయ్యాక ఒక పావుగంట చాలు. అమ్మాయో అబ్బాయో ఒక కథ చదవాలి, అర్థంకాని చోట ఉర్దూలో చెప్పాలి, పెద్దలు వినాలి. “నిఖా ఇలా జరగదు బేటా, ఈ మాట మనవాళ్ళు అనరు” అని నానీమా తప్పు పడితే అంతకు మించిన విమర్శ లేదు. కట్నం గురించో, తలాఖ్ గురించో, ఆడపిల్ల చదువు గురించో కథ మనల్నే నిలదీయవచ్చు. అప్పుడు కోపంతో ఫోను లాక్కోకండి. ఆ కథ పూర్తయ్యేదాకా వినండి. విన్న ఇంట్లోనే రేపు రాసే బిడ్డ పుడుతుంది.